పేరు అక్కర్లేని చోటే పొట్టి ఫంక్షన్

హైదరాబాద్‌లో మేం కొంతమంది స్నేహితులం ఆదివారాలు గచ్చిబౌలిలో కలిసి ఒక చిన్న లిస్పు, అంటే అన్నీ బ్రాకెట్లలో రాసే ఒక రకం ప్రోగ్రామింగ్ భాష, తయారు చేస్తున్నాం. అందరివీ పగలంతా జావా, పైథాన్ రాసే ఉద్యోగాలే, ఇది మాత్రం ఇష్టం కొద్దీ చేసే పని. మా భాషలో పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో పెట్టుకోవచ్చు, అందుకే ఇక్కడి ఉదాహరణలు కూడా అలాగే రాస్తున్నాను. మెమరీ సంగతి, నంబర్ల సంగతి లాంటి పెద్ద విషయాలు తొందరగానే తేలిపోయాయి గానీ, పేరు లేని ఫంక్షన్‌ని (వాడే చోటే అక్కడికక్కడ రాసేసేదాన్ని) పొట్టిగా రాసే పద్ధతి ఎలా ఉండాలన్న దగ్గర నెలల తరబడి వాదించుకున్నాం, ఇంకా వాదించుకుంటున్నాం. నాలుగు గుర్తుల కోసం ఇంత గొడవా అని బయటివాళ్లకి అనిపించొచ్చు. కానీ రాసేవాడి సుఖం, చదివేవాడి సుఖం ఒకదానికొకటి అడ్డం పడేది సరిగ్గా ఇలాంటి చోటే. అప్పుడు భాష ఎవరి పక్షాన నిలబడుతుందో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. అందుకని నా వైపు వాదన మొత్తం ఒకచోట పెడుతున్నాను.

పొట్టి రాత వల్ల మనకి కలిసొచ్చేది అక్షరాలు అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో కలిసొచ్చేది పేరు పెట్టే పని తప్పడం. ఇదొక్కటి ఒప్పుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు దీన్నుంచే వస్తాయి: ఎన్ని ఆర్గ్యుమెంట్లు (లోపలికి పంపే విలువలు) ఉండాలి, ఒకదాంట్లో ఒకటి పెట్టనివ్వాలా వద్దా, ఎక్కడ ఎర్రర్ ఇవ్వాలి, అన్నీ.

మా భాషలో ఫంక్షన్ కట్టే పదం "ఫ". ఒక సంఖ్యని దానితోనే గుణించే ఫంక్షన్ ఇలా రాస్తాం:

(ఫ (అ) (* అ అ))

అదే పొట్టిగా రాస్తే:

#(* % %)

ఖాళీలతో కలిపి 15 అక్షరాలు ఒకటి, 8 ఇంకొకటి. ఏడు అక్షరాల తేడా. ఏడు అక్షరాల కోసం భాషలో కొత్త వ్యాకరణం పెట్టడం అన్యాయం అని నేనే చెప్తాను, ఎందుకంటే ఇవాళ ఏ ఎడిటర్ అయినా బ్రాకెట్లూ పారామీటర్ల (వచ్చే విలువలకి పెట్టే పేర్ల) జాబితా తనే వేసిపెడుతుంది. కామన్ లిస్పులోనూ స్కీమ్‌లోనూ (రెండూ పేరున్న పాత లిస్పులు) ఫంక్షన్ కట్టే పదాన్ని ల్యాంబ్డా అని పూర్తిగా రాయాలి కాబట్టి అక్కడ పొడవు మీద కంప్లయింట్లు ఎక్కువ, నిజమే. కానీ పొడవే బాధ అయితే మందు చాలా సులువు, ఆ పదాన్నే కుదించాలి. క్లోజర్ అనే ఇంకో లిస్పు దాన్ని రెండక్షరాలు చేసింది, మేం ఒకటి చేశాం. అలా చేశాక కూడా పొట్టి రాత కావాలని చెయ్యి లాగుతోందంటే కారణం ఇంకేదో ఉండాలి కదా.

ఆ కారణం "అ". పైన రాసిన ఫంక్షన్‌లో "అ" అనే పేరు ఏమీ చెప్పదు. అయినా చదివేవాడు దాన్ని మోయాలి: పారామీటర్ల జాబితాలో చూడాలి, గుర్తు పెట్టుకోవాలి, లోపల మళ్లీ కనిపించినప్పుడు ఇది అదేనా, బయట ఇంకో "అ" ఏమైనా ఉందా అని ఒక్క క్షణం ఆగాలి. % కి ఆ మోత లేదు. లోపలికి ఏదొస్తే అది. దాని గురించి తెలుసుకోవాల్సింది అంతకుమించి లేదని ఆ గుర్తే చెప్పేస్తోంది.

అసలు ల్యాంబ్డా లిస్పులోకి ఎందుకొచ్చిందో చూస్తే ఈ పేర్ల సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. జాన్ మెకార్తీ 1958లో లిస్పు మొదలుపెట్టి, 1960లో దాని మీద పేపర్ అచ్చు వేశాడు. ఆ పేపర్ మొదట్లోనే ఒక చిన్న చిక్కు చూపిస్తాడు. x, y అనే రెండు అక్షరాలతో ఒక సూత్రం రాశామనుకోండి, y వర్గం ప్లస్ x. దానికి 3, 4 ఇస్తే జవాబు ఎంత? x 3, y 4 అనుకుంటే 19 వస్తుంది. తిరగేసి అనుకుంటే 13. సూత్రంలో ఏ అక్షరం ముందు, ఏది తర్వాత అన్నది ఎక్కడా లేదు. అది చెప్పడానికే గణితవేత్త అలాంజో చర్చ్ ల్యాంబ్డా రాతని అతను అరువు తెచ్చుకున్నాడు. చర్చ్ పుస్తకంలో మిగతాది తనకి అర్థం కాలేదని తర్వాత మెకార్తీయే చెప్పాడు, రాత పద్ధతి ఒక్కటి తీసుకున్నాడంతే. అంటే లిస్పులో ల్యాంబ్డా చేసే పనులు రెండు. ఒకటి, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఫంక్షన్ అని గీత గీయడం. రెండోది, ఆర్గ్యుమెంట్ల వరస చెప్పడం. పొట్టి రాత ఏదైనా ఈ రెండూ చెయ్యాల్సిందే. #( తో మొదలై ) తో ముగిసే రాత గీతని చూపిస్తుంది, %1 %2 లో ఉన్న అంకెలు వరసని చూపిస్తాయి. 13, 19 గొడవ ఇక్కడ రాదు. పోయింది పేరొక్కటే.

ఇక వేరే భాషలు ఏం చేశాయో చూద్దాం. పాల్ గ్రాహమ్ 2008లో విడుదల చేసిన ఆర్క్‌లో ఇది [+ _ 1]. ఒక్క పారామీటరే, రెండోది కావాలంటే మామూలు రాతకి పోవాలి. రిచ్ హిక్కీ 2007లో బయటపెట్టిన క్లోజర్‌లో #(+ % 1), అందులో % తో పాటు %2, %3 కూడా, మిగిలినవన్నీ కలిపి పట్టుకోవడానికి %& కూడా ఉన్నాయి. లూవా మీద నడిచే ఫెనెల్‌లో #(+ $1 1). జానెట్‌లో |(+ $ 1). ఎలిక్సిర్ పైకి లిస్పులా కనిపించదు గానీ దాని మాక్రోలు (రాసిన కోడ్‌ని ఇంకో కోడ్‌గా మార్చేవి) లిస్పు రక్తమే, అక్కడ &(&1 + 1). స్కీమ్ వాళ్లు 2002లోనే ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 26 అని ఒక ప్రతిపాదన ఖరారు చేశారు, సెబాస్టియన్ ఎగ్నర్ రాసింది, అందులో (కట్ + <> 1) అని రాస్తే <> ఉన్నచోట ఆర్గ్యుమెంట్ వచ్చి కూర్చుంటుంది.

కామన్ లిస్పు వాళ్లు క్లోజర్ రాతని ఎత్తుకొచ్చి తమ దాంట్లో పెట్టుకోవాలని చూస్తే ముందే అడ్డం పడుతుంది, ఎందుకంటే అక్కడ #( అంటే ఎప్పటి నుంచో వెక్టర్, విలువల్ని వరసగా పెట్టుకునేది. స్కీమ్‌లోనూ అంతే. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఉండే లిస్పులో అదే #( కి ఇంకో అర్థం, రంగులూ ఫాంట్లూ లాంటి లక్షణాలు అంటించిన స్ట్రింగ్‌ని అలా రాస్తారు. క్లోజర్ వెక్టర్లకి చదరపు బ్రాకెట్లు ఇచ్చేసింది కాబట్టి #( ఖాళీ అయింది. 1994 నాటి కామన్ లిస్పు ప్రమాణం మాత్రం చదరపు బ్రాకెట్లనీ మీసాల బ్రాకెట్లనీ వాడుకరుల కోసమే వదిలిపెట్టింది, కావాలంటే ఎవరైనా రీడర్ మాక్రో (భాషలో అక్షరాల్ని చదివి కోడ్‌గా మార్చే భాగమైన రీడర్‌కి కొత్త గుర్తు నేర్పేది) రాసుకోవచ్చు. చిక్కేమిటంటే ఎవరైనా అంటే అందరూ రాసుకుంటారు, రెండు లైబ్రరీలు అదే బ్రాకెట్‌ని రెండు అర్థాలకి వాడితే ఒకే ఫైల్లో రెండూ బతకలేవు.

నాకు బాగా నచ్చిన పరిష్కారం ఈమాక్స్ వాళ్లది. అక్కడ వాడుకరులకి రీడర్ మాక్రోలు రాసే వీలే లేదు. అయినా యోనాస్ బెర్నూలీ రాసిన లామా అనే లైబ్రరీలో (##+ % 1) అని రాయొచ్చు. ## అంటే ఈమాక్స్‌లో ఇప్పటికే అర్థం ఉంది, అది ఖాళీ పేరున్న సింబల్ (కోడ్‌లో పేరుగా వాడే ముక్క). ఆ సింబల్‌నే మాక్రో పేరుగా పెట్టేశారు. రీడర్ ## దగ్గర ఆగి దాన్నొక సింబల్‌గా చదివేస్తుంది కాబట్టి తర్వాత ఖాళీ కూడా వదలక్కర్లేదు. రీడర్‌ని ముట్టుకోకుండా, ఉన్న నియమాల మధ్యే దారి వెతుక్కుని చేసిన పని అది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను, ఒకదాంట్లో ఒకటి పెట్టడం. మన మెట్రోనే తీసుకుందాం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైను, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా బ్లూ, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా గ్రీన్. ఒక్కో లైను స్టేషన్లూ ఒక్కో జాబితా అనుకోండి. రెడ్ లైన్లో ఉండి బ్లూలో కూడా ఉన్న స్టేషన్ ఏది? జాబితాలోంచి సరిపోయినవి ఏరే ఫిల్టర్ వాడితే:

(ఫిల్టర్ #(ఉందా % బ్లూ) రెడ్)

అమీర్‌పేట వస్తుంది. ఇంతకన్నా తేటగా ఎవరూ రాయలేరు. ఇక్కడ % కి "స్టేషన్" అని పేరు పెడితే చదివేవాడికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు, పక్కనే రెడ్ అని ఉంది, రెడ్ అంటే స్టేషన్ల జాబితా అని అప్పటికే తెలుసు. ఇప్పుడు ఇంకొంచెం అడుగుదాం: రెడ్ లైన్ మిగతా రెండు లైన్లతో ఎక్కడెక్కడ కలుస్తుంది? రెండు లైన్ల మీద మ్యాప్ (జాబితాలో ఒక్కోదాన్నీ ఫంక్షన్‌కి పంపి జవాబులు కూర్చేది), దాని లోపల ఫిల్టర్. పొట్టి రాతలో పొట్టి రాత పెట్టనిస్తే ఇలా తయారవుతుంది:

(మ్యాప్ #(ఫిల్టర్ #(ఉందా % %) రెడ్) (జాబితా బ్లూ గ్రీన్))

ఇందులో మొదటి % స్టేషన్, రెండోది లైను. అలా అని రాసినవాడికి తెలుసు, ఇంకెవరికీ తెలీదు, కంప్యూటర్‌కి కూడా. క్లోజర్ ఇక్కడ ఒకదాంట్లో ఒకటి కుదరదని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఎలిక్సిర్ కూడా అంతే. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు, ఆ భాషలు చేసినవాళ్లు ఇంకొంచెం కష్టపడి ఉంటే కుదిరేది అంటారు. నేను దాన్ని ఆ భాషలు తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటిగా లెక్కేస్తాను. ఎందుకంటే సరిగ్గా ఇక్కడే పేరుకి పని దొరికింది:

(మ్యాప్ (ఫ (లైను) (ఫిల్టర్ #(ఉందా % లైను) రెడ్)) (జాబితా బ్లూ గ్రీన్))

అమీర్‌పేట, ఎంజీబీఎస్ వస్తాయి. బయట ఫంక్షన్‌కి పేరున్న పారామీటర్, లోపల దానికి %. "లైను" అన్న పేరు ఇప్పుడు ఖాళీ బరువు కాదు, అది లేకపోతే వాక్యమే అర్థం కాదు.

మా జట్టులో అందరికన్నా చిన్నవాడు, చాలా పదునైనవాడు, దీనికి ఒక మందు తెచ్చాడు. "అన్నా, లోపలి దానికి %, బయటి దానికి %% పెడదాం. ఇంకా బయటికి పోతే %%%. కంపైలర్‌కి కన్ఫ్యూజన్ ఉండదు కదా." కంపైలర్‌కి ఉండదు, నిజమే. వాడికి తెలియకుండానే వాడు చెప్పింది డచ్ గణితవేత్త డి బ్రౌన్ 1972లో పెట్టిన పద్ధతి. అందులో పేర్లే ఉండవు. ప్రతి వేరియబుల్ ఒక అంకె, ఎన్ని ల్యాంబ్డాలు బయటికి పోతే దాని సొంత ల్యాంబ్డా దొరుకుతుందో ఆ లెక్క. గణిత నిరూపణలు మెషీన్‌తో సరిచూడటానికి తయారైన ఆటోమ్యాథ్ పని నుంచి పుట్టింది అది, ఇవాళ్టికీ ప్రూఫ్ సాఫ్ట్‌వేర్ల లోపల బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కానీ మనుషులు చదివే చోటికొచ్చేసరికి దానికి పెద్ద చిక్కుంది. ఒక ముక్క కోడ్‌ని తీసి ఇంకో ఫంక్షన్ లోపల పెట్టామంటే లోతు మారుతుంది, లోతు మారితే అందులో ఉన్న అంకెలు మారాలి. మెషీన్ ఆ పని విసుక్కోకుండా చేస్తుంది. రాత్రి పదకొండింటికి ఆఫీసు పని కాపీ పేస్ట్ చేసుకునే మనిషి చెయ్యడు, చెయ్యాలని కూడా గుర్తుండదు, ఎర్రర్ కూడా రాదు, జవాబు తప్పొస్తుంది అంతే. పేరుకి ఈ ఇబ్బంది లేదు. "లైను" ఎంత లోపల పెట్టినా లైనే.

ఇంకో దారి కూడా ఉంది, లోపలి % బయటి దాన్ని కప్పేయడం. ఈమాక్స్ వాళ్ల డాష్ లైబ్రరీలో రెండు గీతలతో మొదలయ్యే మాక్రోలు "ఇట్" అనే ఒకే పేరుని వాడతాయి, కోట్లిన్‌లో కూడా అదే పేరు. ఒకదాంట్లో ఒకటి పెడితే లోపలి ఇట్ బయటి ఇట్‌ని కప్పేస్తుంది, ప్రోగ్రామ్ నడుస్తుంది. నడవడమే దీని తప్పు. చదివేవాడు ప్రతి ఇట్ దగ్గరా ఆగి బయటికి లెక్కపెట్టుకుంటూ పోవాలి.

మాక్రో మనకి తెలియకుండా పేరు పుట్టించడం మీద లిస్పు లోకంలో పాత తగాదా ఉంది. కోల్‌బెకర్, ఫ్రీడ్‌మన్, ఫెలైసన్, డూబా 1986లో హైజీన్ అన్న మాట తెచ్చారు: మాక్రో తన లోపల కల్పించుకున్న పేరు, వాడుకరి రాసిన పేరుతో కలిసిపోకూడదు. స్కీమ్ ఆ దారిలోనే నడిచింది. ఆ లెక్కన ఇట్ లాంటివి నియమం తప్పినట్టే. ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 26 దీన్ని పద్ధతిగా దాటింది, <> ని పేరులా కాకుండా గుర్తుపట్టే గుర్తులా వాడింది. ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది: <> మొదటి వరస బ్రాకెట్‌లోనే ఉండాలి, లోపలి బ్రాకెట్లలోకి వెతుక్కుంటూ పోదు. (కట్ + 1 <>) కుదురుతుంది, (కట్ + 1 (* 2 <>)) కుదరదు. ఆ కట్టుబాటు వెనకున్న ఆలోచన మీద నాకు గౌరవం ఉంది, ఏ <> ఏ కట్‌కి చెందిందో అనుమానమే రాదు. కానీ అది మరీ బిగువు. మామూలుగా మనం రాసేవి #(< (ధర %) 50) లాంటివే, ధర తక్కువున్నవి ఏరుకోవడం. అది కూడా ఒప్పుకోకపోతే పొట్టి రాత ఎందుకు? అందుకని మేం బ్రాకెట్ల లోపలికి ఎంత దూరమైనా వెతుకుతాం, ఇంకో పొట్టి రాత ఎదురైతే మాత్రం ఆగుతాం.

వెతకడం అన్నాను కదా, అక్కడ మాక్రో రాసేవాడికి తలనొప్పి మొదలవుతుంది. ఫంక్షన్‌కి ఎన్ని పారామీటర్లో తెలియాలంటే లోపలి కోడ్ మొత్తం తిరిగి % లు ఏరాలి. ఈ తిరగడం ఎప్పుడు జరగాలి? క్లోజర్ దీన్ని రీడర్‌లోనే చేసేస్తుంది, అంటే అక్షరాలు చదివేటప్పుడే, మాక్రోలన్నిటికన్నా ముందు. వేగంగా, సాదాగా అయిపోతుంది, కానీ రీడర్‌కి కోడ్ అర్థం తెలీదు. కోట్ చేసిన, అంటే లెక్కకట్టకుండా ఉన్నదున్నట్టే ఉంచమని ముందు ' పెట్టిన, '% ఉన్నా దాన్ని కూడా ఆర్గ్యుమెంటే అనుకుని మార్చేస్తుంది. ఫెనెల్, జానెట్ వేరే దారి పట్టాయి, రీడర్ చేసేది ఒక్కటే, ముందున్న గుర్తుని మామూలు పేరున్న రూపంగా మార్చి వదిలేయడం. మిగతా పనంతా తర్వాతి దశది. మేం రెండో దారి తీసుకున్నాం. #(* % %) అని రాస్తే రీడర్ దాన్ని (పొట్టి (* % %)) అని చదువుతుంది, పొట్టి అన్నది మాక్రో:

(మాక్రో పొట్టి (రూపం)
  (లెట్ (ఎన్ని (గుర్తులు-లెక్క రూపం))
    `(ఫ ,(కొత్త-పేర్లు ఎన్ని) ,(గుర్తులు-మార్చు రూపం))))

అసలైన నియమాలు గుర్తులు-లెక్క లోపల ఉన్నాయి. కోట్ కనిపిస్తే అందులోకి పోదు. ఇంకో పొట్టి కనిపిస్తే లైన్ నంబర్‌తో ఎర్రర్ ఇచ్చి, బయటి ఫంక్షన్‌ని ఫ తో రాయమని చెప్తుంది. లోపల వాడిన మాక్రోలు విప్పుకున్నాక ఏమవుతాయో చూడదు, కావాలనే చూడదు. ఎందుకంటే మా లూప్ మాక్రో విప్పితే దాని కడుపులో ఒక ఫ ఉంటుంది, ఆ సంగతి వాడుకరికి తెలియాల్సిన అవసరం లేదు. నియమం అతను కళ్లతో చూసే రాత మీద ఉండాలి. దీనివల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది, ఏదైనా మాక్రో విప్పుకున్నప్పుడు అందులోంచి % బయటపడితే మాకు దొరకదు. దొరకకపోవడమే మంచిది, కనిపించని చోటి నుంచి ఆర్గ్యుమెంట్ పుట్టుకురాకూడదు.

రీడర్ ముందు గుర్తుని మాత్రమే మారుస్తుంది కాబట్టి ఇంకో లాభం. క్లోజర్‌లో #( అన్నది ఒకే ముక్క, ఆ బ్రాకెట్టే ఫంక్షన్ పిలుపు కూడా. అందుకే వచ్చినదాన్ని వచ్చినట్టు తిరిగిచ్చే ఫంక్షన్ అనుకుని #(%) రాస్తే అది వచ్చినదాన్ని ఫంక్షన్ అనుకుని పిలిచేస్తుంది. రెండిటినీ వెక్టర్‌లో పెడదామని #([%1 %2]) రాస్తే ఆ వెక్టర్‌నే పిలవబోయి ఎర్రర్ ఇస్తుంది. క్లోజర్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఈ గోతిలో ఒక్కసారైనా కాలుపెడతారు. ఫెనెల్‌లో # తర్వాత ఏ రూపమైనా రావచ్చు. #$1 అంటే వచ్చింది వచ్చినట్టే, #[$1 $2] అంటే రెండిటి పట్టిక, #5 అంటే ఎప్పుడు పిలిచినా 5. మేం దాన్నే తీసుకున్నాం. % ఒక్కటి కూడా లేకపోతే అది ఆర్గ్యుమెంట్లు లేని ఫంక్షన్, పేర్లే లేని చోట పొట్టి రాత కన్నా తగినది ఇంకేముంది.

ఆర్గ్యుమెంట్ల సంఖ్య దగ్గర నేను జట్టులో మిగతా వాళ్లకన్నా కఠినంగా ఉన్నాను. క్లోజర్‌లో మీరు వాడిన పెద్ద అంకెని బట్టి లెక్క తేలుతుంది, %3 ఒక్కటే వాడినా మూడు ఆర్గ్యుమెంట్లు. ఫెనెల్ తొమ్మిది దాకా ఒప్పుకుంటుంది. మా దాంట్లో రెండే. మూడు వస్తువులు ఒక ఫంక్షన్‌లోకి వస్తున్నాయంటే వాటి మధ్య తేడా చెప్పడానికి అంకెలు సరిపోవు. %3 ఏమిటో తెలుసుకోవాలంటే చదివేవాడు ఆ ఫంక్షన్‌ని పిలిచే చోటికి పోయి మూడోది ఏది పంపుతున్నారో చూసి రావాలి. ఒకటే అయితే % అని, రెండైతే %1, %2 అని రాయాలి, % ని %2 తో కలిపి వాడితే ఎర్రర్. కొంతమందికి ఇది చాదస్తంలా అనిపించింది. నాకు కావాల్సింది ఏమిటంటే, మొదటి గుర్తు మీద కన్ను పడగానే ఇది ఒకటి తీసుకునే ఫంక్షనా రెండా అన్నది తెలిసిపోవాలి, చివరిదాకా చదివి ఎక్కడైనా %2 దాక్కుందేమో వెతుక్కోకూడదు.

రెండు పంపితే ఒకటే వాడుకునే ఫంక్షన్ల సంగతి? ఫెనెల్‌కి ఆ బాధ లేదు, లూవాలో ఎక్కువైన ఆర్గ్యుమెంట్లు చప్పుడు లేకుండా రాలిపోతాయి. మా భాషలో లెక్క తప్పితే ఎర్రర్. లామాలో దీనికి _%2 అనే రాత ఉంది, రెండోది వస్తుంది గానీ వాడను అని చెప్పడానికి. తెలివైన రాతే, కానీ వాడనిదాని గురించి చెప్పాల్సి వచ్చిందంటే అప్పటికే మనం పారామీటర్ల జాబితా రాస్తున్నట్టు లెక్క. అలాంటప్పుడు (ఫ (మొత్తం _) మొత్తం) అని రాస్తే సరిపోతుంది.

లోపలి మాటలు ఎప్పుడు లెక్కకడతారన్నది కూడా తేల్చాలి. ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 26లో కట్ పక్కనే క్యూట్ అని ఇంకోటుంది. కట్‌లో <> కాని మిగతా మాటలు పిలిచిన ప్రతిసారీ లెక్కకడతారు, క్యూట్‌లో ఫంక్షన్ కట్టేటప్పుడు ఒక్కసారే. #(+ % (సర్వీస్-చార్జీ)) అని రాస్తే, ఆ చార్జీ నెట్‌వర్క్ నుంచి తెచ్చేదైతే, వెయ్యి అంశాల జాబితా మీద వెయ్యిసార్లు పోతుంది. రెండు రకాలూ పెట్టాలని ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. పొట్టి రాత అంటే ఫ తో రాసినదానికి ఇంకో రూపం, అంతకుమించి దానికి సొంత అర్థం ఉండకూడదు. ఒక్కసారే తేవాలంటే లెట్‌తో పేరు పెట్టి తెచ్చుకోవాలి. చూడండి, ఇక్కడ కూడా మళ్లీ పేరు దగ్గరికే వచ్చాం.

ఎర్రర్ వచ్చినప్పుడు ట్రేస్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో) పేరు లేని ఫంక్షన్‌ని ఎలా చూపించాలి? చాలా భాషల్లో ఏదో సంఖ్య తగిలించిన అర్థం లేని పేరు కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని వెతకడం చాలా బాధ. మా దాంట్లో ట్రేస్‌లో ఆ రాతే కనిపిస్తుంది, #(< (ధర %) 50) అని, పక్కన లైన్ నంబర్. ఒకదాంట్లో ఒకటి పెట్టనివ్వకపోవడం, రెండు ఆర్గ్యుమెంట్లు మించనివ్వకపోవడం వల్ల ఈ రాతలు ఎప్పుడూ చిన్నవిగానే ఉంటాయి, కాబట్టి రాతే పేరుగా సరిపోతుంది. ఇది కట్టుబాట్ల వల్ల దొరికిన లాభం, నాకు ఇందులో అన్నిటికన్నా సంతోషంగా ఉన్న భాగం కూడా ఇదే.

మనకి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి ఉంది, తెలుగు టైపింగ్. భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో షిఫ్ట్‌తో # ఉండే చోట క్రారవడి, % చోట జ్ఞ, & చోట క్ష వస్తాయి. ఆర్క్‌లా చదరపు బ్రాకెట్ పెడదామంటే అక్కడ డ ఉంది. పేర్లు తెలుగులో రాసుకుంటూ ప్రతి % కీ కీబోర్డ్ మార్చుకోవాలంటే ఎవరికైనా విసుగే. మా చుట్టుపక్కల ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లే, వాళ్లకి సమస్య లేదు, కానీ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుని వేగంగా కొట్టేవాళ్లని మా భాష ఇబ్బంది పెట్టకూడదు. పొట్టి అన్న పేరు మామూలు మాక్రోగా ఉండటం ఇక్కడ పనికొచ్చింది. వాళ్లు (పొట్టి (* ౧ ౧)) అని రాయొచ్చు, ౧ ౨ లని మేం గుర్తులుగా ఒప్పుకుంటాం, సంఖ్యలుగా 1 2 లనే తీసుకుంటాం. ఫైలు సేవ్ చేసేటప్పుడు రాతని సర్దే ఫార్మాటర్ అన్నిటినీ # % లోకి మార్చేస్తుంది, కాబట్టి చదివేవాళ్లకి కనిపించేది ఒకే రకం. తెలుగు అంకెలనే అసలు రూపంగా పెడదామని నాకూ ఆశగా ఉండింది, కానీ ఇప్పటి పిల్లల్లో వాటిని గుర్తుపట్టేవాళ్లు తక్కువ, చదివేవాడి పక్షం అన్నప్పుడు ఆ ఆశ వదులుకోవాలి.

ఇంకా తేలనిది ఒకటి మిగిలింది. పొట్టి రాతలో పొట్టి రాత వద్దని అందరం ఒప్పుకున్నాం, మరి పొట్టి రాతలో పూర్తి ఫ ఉండొచ్చా?

#(మ్యాప్ (ఫ (స్టేషన్) (దూరం స్టేషన్ %)) రెడ్)

క్లోజర్ దీన్ని ఒప్పుకుంటుంది, ఇందులో ఏ గుర్తు దేనిదో అనుమానం లేదు, స్టేషన్‌కి పేరుంది, మిగిలిన % బయటిదే. మా జట్టులో ఎక్కువమంది ఉండనిద్దాం అంటున్నారు. నేను వద్దంటున్నాను. ఆ % దగ్గరికి వచ్చేసరికి చదివేవాడు ఇంకో ఫంక్షన్ గడప దాటి లోపలికి వచ్చేశాడు, అక్కడ కనిపించే % తన పక్కనున్న ఫ ది కాదు, దాటొచ్చినదానిది. పైగా ఇందులో లోపలి పారామీటర్ పేరు లేకపోయినా తెలిసేదే, రెడ్ అంటే స్టేషన్లే కదా. పేరు కావాల్సింది బయటిదానికి, ఎక్కడి నుంచి దూరం అన్నదానికి. అది "ఇల్లు" కావచ్చు, "ఆఫీసు" కావచ్చు, % చూసి ఎవరూ చెప్పలేరు. తిరగేసి రాస్తే, (ఫ (ఇల్లు) (మ్యాప్ #(దూరం % ఇల్లు) రెడ్)), పొడవు కూడా దాదాపు అంతే. వచ్చే ఆదివారం దీని మీద మళ్లీ కూర్చుంటున్నాం. ఎర్రర్ వద్దు, వార్నింగ్ చాలు అని మధ్యేమార్గం ఒకటి అనుకుంటున్నారు. వార్నింగులు పెరిగిన కొద్దీ ఎవరూ చదవరు కాబట్టి నేను ఎర్రర్ కోసమే గట్టిగా నిలబడతాను.